వెనక్కి తగ్గని అవ్వ

“వదినా, మీరు అనవసరంగా మెట్లెక్కారు. దొంగ దొరికాడు.”

మరిది ఆ మాట అన్నప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలైంది. మూడంతస్తులు ఎక్కి వచ్చిన డిటెక్టివ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. అతని చేతిలోని మంచినీళ్ళ సీసాను అడగకుండానే తీసుకుని సగం ఖాళీ చేసింది.

“పొద్దున్న మా ఇంట్లో టిఫిన్ తింటూ, ఈ కేసు నీ చేతిలో ఉందని ఒక్క ముక్క చెప్పలేదేం?”

“మీరు చెప్పారా?”

“నువ్వు అడగలేదు.”

“మీరూ అడగలేదు.”

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. ఇరవై రెండేళ్ళపాటు ఒక బీమా కంపెనీలో, కాలిపోయిన గోదాముల్లోనూ మునిగిపోయిన పడవల్లోనూ అబద్ధాలు వెతికి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకుంది. మరిది ఆమె భర్తకు ఆఖరి తమ్ముడు. కంప్యూటర్ దొంగల్ని పట్టే సంస్థ అతనిది. ఒకే ఇంట్లో కింద వాటా ఆమెది, పై వాటా అతనిది. ఒకే కేసులో చెరో పక్షాన నిలబడటం మాత్రం ఇదే మొదటిసారి.

ఆమెను పిలిపించిన మనిషి బల్లకు అవతల తల పట్టుకుని కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. ఆఫీసులో అందరూ అతన్ని కెప్టెన్ అంటారు. అతనూ మరో పదమూడు మందీ కలిసి నాలుగేళ్ళుగా ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నారు. ఎనిమిది రాక్షస మృగాలు, ఒక్కొక్కటీ ఇరవై అంతస్తుల ఎత్తు. ఆడేవాళ్ళు చెరొక మృగాన్ని ఎంచుకుని, మేడలు కూలుతుండగా కొట్టుకోవాలి. విడుదల ఇంకా తొమ్మిది రోజులే. ఏడు మృగాలను లోకానికి ముందే చూపించారు. ఎనిమిదోదాన్ని మాత్రం ఎవరి కంటా పడకుండా దాచారు. దాని పేరు అవ్వ. నెరిసిన జూలు, వంగిన నడుము, కుడికాలు కాస్త ఈడ్చే నడక, కొండల్ని పిండి చేసే చేతులు.

మంగళవారం సాయంత్రం నాలుగూ పదికి, అవ్వ పోట్లాడే నలభై సెకన్ల వీడియోను ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఇవాళ గురువారం. ఈ రెండు రోజుల్లో అవ్వను చూడనివాళ్ళు లేరు.

“చెప్పు, ఎవరు?” అంది డిటెక్టివ్.

మరిది కాగితం ముందుకు తోశాడు. “అవ్వ ఉన్న యంత్రాలు రెండే. రెండూ పరీక్షల గదిలోనే ఉంటాయి. ఆ తలుపు కార్డు పెడితేనే తెరుచుకుంటుంది, ఎవరు ఎప్పుడు వచ్చారో దానికదే రాసుకుంటుంది. మంగళవారం మూడున్నర నుంచి నాలుగూ ఇరవై దాకా లోపల ఒక్కరే ఉన్నారు. మిగతా అందరూ ఇదే గదిలో మీటింగులో ఉన్నారు. వీడియో బయటికి వచ్చింది నాలుగూ పదికి. ఇంకేం కావాలి?”

“ఆ ఒక్కరూ ఎవరు?”

“మట్టి బొమ్మలు చేసే మాస్టారు,” అన్నాడు కెప్టెన్. “ఆయన చెయ్యలేదు మేడమ్. అవ్వను పుట్టించిందే ఆయన.”

కిటికీ దగ్గర నిలబడిన నలభై ఏళ్ళ మనిషి మెల్లగా దగ్గాడు. ఆటను విడుదల చేసే సంస్థ తరఫున వచ్చినవాడు. మరిదికి ఈ పని అప్పగించింది అతనే. అందరూ ఏజెంటు గారు అంటారు.

“నాకూ బాధగానే ఉందండీ. కానీ ఒప్పందం ఒప్పందమే. మీ మనిషి వల్ల రహస్యం పొక్కితే ఆట మీద హక్కులన్నీ మా సంస్థకే వస్తాయి. మాస్టారి పేరు ఆటలోంచి తీసేస్తాం. సాయంత్రం అయిదింటికి నివేదిక మీద సంతకాలైపోతే అందరికీ మంచిది.”

“అయిదు కావడానికి ఇంకా మూడున్నర గంటలుంది,” అని డిటెక్టివ్ లేచింది.

మరిది వెంటపడ్డాడు. “వదినా, నా నివేదికలో తప్పేమిటో చెప్పండి.”

“చాలా అందంగా ఉంది. నాకు నచ్చనిది అదే.”

బొమ్మల గది వరండా చివర ఉంది. గోడ పొడుగునా అరల్లో మట్టి మృగాలు, ఒక్కొక్కటీ మూరెడు ఎత్తు. మాస్టారు ముందు మట్టితో చేస్తారు. దాన్ని స్కానర్ మీద తిప్పి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. అరవై ఆరేళ్ళ మాస్టారు ముక్కాలి పీట మీద కూర్చుని, అవ్వ బొమ్మ భుజం మీద పగిలిన చోట తడి మట్టి అద్దుతున్నారు.

“ఉద్యోగం ఊడే రోజున కూడా పనేనా మాస్టారూ?” అంది డిటెక్టివ్.

“భుజం పగిలితే నొప్పెడుతుంది కదమ్మా.” ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నారు. చేతికున్న మట్టి మీసానికి అంటుకుంది.

“మంగళవారం మూడున్నరకి ఆ గదిలో మీకేం పని?”

“అవ్వ నడుస్తుంటే చూద్దామని వెళ్ళాను. కంప్యూటర్ చేతే రెండు వైపులా ఆడించి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ అది మా పద్నాలుగు మంది బిడ్డ. ఇంకో పది రోజుల్లో లోకం మీద పడుతుంది. కడుపునిండా చూసుకుందామనిపించింది.”

“వీడియో తీశారా?”

“కళ్ళతో చూసేవాడికి వీడియో ఎందుకమ్మా?”

“మూడున్నరకి ముందు ఎక్కడున్నారు? పన్నెండూ యాభైకి ఆఫీసు నుంచి బయటికి వెళ్ళినట్టు వీధి తలుపు చెబుతోంది.”

మాస్టారు మళ్ళీ బొమ్మ వైపు తిరిగారు. “పని మీద వెళ్ళాను.”

“ఏ పని?”

“నా పని.”

మరిది వదినగారి చెవి దగ్గర, “చూశారా? దాస్తున్నాడు,” అన్నాడు.

“దాస్తున్నారు,” అని డిటెక్టివ్ సరిచేసింది. “నీకంటే పెద్దవారు. ఆయన దాస్తున్నమాట నిజమే. ఏం దాస్తున్నారన్నదే తేలాలి.”

పరీక్షల గదిలో ఆటను పొద్దస్తమానం ఆడి తప్పులు పట్టే అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై మూడేళ్ళుంటాయి. వేళ్ళ వేగం చూసి ఆఫీసులో ఆమెకు బొటనవేలు అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆమెకు గర్వమే.

డిటెక్టివ్ గది నాలుగు మూలలా చూసింది. రెండు తెరలు, రెండు యంత్రాలు, కిటికీ లేదు. గోడకు తగిలించిన ఆరు కంట్రోలర్లు. ఒక్కొక్కదాని వీపు మీద తెల్ల రంగుతో అంకె వేసి ఉంది.

“ఆ వీడియో పెట్టమ్మా. ఇది ఆడింది ఎవరై ఉంటారో నువ్వు చెప్పగలవా?”

“రెండు రోజుల నుంచి అదే చెబుదామనుకుంటున్నా మేడమ్, సార్ నన్ను అడిగితేగా!” బొటనవేలు మరిది వైపు ఓరగా చూసింది. “మా ఆఫీసులో ఎవరి ఆటైనా నేను కళ్ళు మూసుకుని గుర్తుపడతా. ఇది మాలో ఎవరిదీ కాదు.”

తెర మీద అవ్వ రెక్కల మృగాన్ని మేడకేసి గుద్దింది. రెక్కల మృగం తోక విసిరింది. అవ్వ ఆ దెబ్బ తిని, గర్జించి, ముందుకే నడిచింది.

“చూశారా? దెబ్బ వస్తుంటే ఎవరైనా ఒక అడుగు వెనక్కేస్తారు. చిన్నపిల్లలైనా అంతే. ఈ నలభై సెకన్లలో అవ్వ ఒక్కసారి కూడా వెనక్కి తగ్గలేదు.”

“ధైర్యం కావచ్చు,” అన్నాడు మరిది.

“ధైర్యం ఉన్నవాళ్ళు కూడా వెనక్కేస్తారు సార్. లేకపోతే ఓడిపోతారు.”

డిటెక్టివ్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “వెనక్కి రావాలంటే ఏది నొక్కాలి?”

“ఈ ఎడమ బటన్.”

“అన్నీ తీసి చూపించు.”

ఒక్కొక్క కంట్రోలర్‌నే తగిలించి నొక్కారు. ఆరింటికీ ఎడమ బటన్ చక్కగా పనిచేసింది. డిటెక్టివ్ వాటిని వరసగా బోర్లా పెట్టింది. ఒకటి, రెండు, మూడు, అయిదు, ఆరు, ఏడు.

“నాలుగో నంబరు ఏది?”

“అది ఆర్నెల్ల క్రితమే కనబడకుండా పోయింది మేడమ్. దానికి ఎడమ బటన్ చచ్చిపోయి...” బొటనవేలు చటుక్కున తెర వైపు తిరిగింది.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న కెప్టెన్ బూట్ల వైపు చూసుకున్నాడు. అతని పక్కనే ఏజెంటు గారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“చెత్తలో పడేసి ఉంటారు,” అన్నాడు మరిది. “ఒక్క బటన్ పట్టుకుని మాస్టారిని విడిచిపెట్టలేం వదినా.”

“సరే, బటన్ వదిలెయ్. నువ్వు ఈ వీడియో ఎన్నిసార్లు చూశావు?”

“నలభై సార్లకి తక్కువ కాదు.”

“సౌండ్‌తోనా, లేకుండానా?”

మరిది మెడ వెనక గోక్కున్నాడు. “ఆ గర్జనకి చెవులు హోరెత్తిపోతున్నాయి. సౌండ్ తీసేశాను.”

“మీ అన్నయ్య గురక పెట్టినప్పుడు నేనూ అలా తీసెయ్యగలిగితే ఎంత బాగుండేది!” అని, బొటనవేలు వైపు తిరిగింది. “ఈ వీడియో ఫోన్‌ను తెర ముందు నిలబెట్టి తీసింది. అంటే గదిలో చప్పుడు కూడా ఉండాలి. ఆ గర్జనలు తీసేసి వినిపించగలవా?”

“గర్జనలన్నీ మా దగ్గర విడిగా ఉన్నాయి. ఇందులోంచి వాటిని తీసేస్తే మిగిలేది గది చప్పుడే. ఒక్క పావుగంట.”

ఏజెంటు గారు గడియారం చూసుకున్నాడు. “నాకు వేరే మీటింగుంది. అయిదింటికి వస్తాను,” అని వెళ్ళిపోయాడు. అప్పుడు రెండున్నర.

పావుగంట అన్నది ఇరవై అయిదు నిమిషాలైంది. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ముప్పై ఒకటో సెకను దగ్గర, దూరంగా, గోడ గడియారం గంట కొట్టింది. ఠంగ్... ఠంగ్.

రెండే. ఆ తర్వాత తొమ్మిది సెకన్లూ ఫ్యానే.

“ఈ ఆఫీసులో గంటలు కొట్టే గడియారం ఉందా?” అని అడిగింది డిటెక్టివ్.

“లేదు,” అంది బొటనవేలు.

“మరిదీ, మంగళవారం రెండింటికి ఈ గదిలో ఎవరున్నారు?”

మరిది కాగితం మీద వేలు జరుపుతూ వెళ్ళి ఆగాడు. “ఎవరూ లేరు. పన్నెండూ యాభై నుంచి మూడున్నర దాకా తలుపు తెరుచుకోలేదు.” కాగితం మడిచి, “కానీ అది మంగళవారమే తీశారని ఏముంది? సోమవారం రెండింటికైనా కావచ్చుగా?” అన్నాడు. ఓడిపోతున్నా వాదన వదలడం అతనికి చేతకాదు.

“మంచి ప్రశ్న,” అని ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంది.

జవాబు బొటనవేలు దగ్గర దొరికింది. “సోమవారం కాదు సార్. ఇందులో అవ్వ జూలు నెరిసి ఉంది కదా, ఆ రంగు మేం సోమవారం సాయంత్రం ఆరింటికి మార్చాం. అంతకుముందు నల్లగా ఉండేది.”

డిటెక్టివ్ వరండాలోకి వెళ్ళి గట్టిగా పిలిచింది. “మాస్టారూ! మంగళవారం రెండింటికి ఏ పళ్ళ డాక్టరు దగ్గర ఉన్నారు?”

మాస్టారు బొమ్మల గది తలుపు దగ్గరికి వచ్చారు. ముఖం కందిపోయింది.

“ఎలా తెలిసిందమ్మా?”

“ఇందాక మీరు ‘చూసుకుందాం’ అంటే ‘చూషుకుందాం’ అని వినబడింది. కొత్త పళ్ళు ఇంకా కుదురుకోలేదు.”

“పై వరస మొత్తం పెట్టారు. పన్నెండున్నర నుంచి... కాదు, ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఆ కుర్చీలోనే ఉన్నాను. ఈ పిల్లలు నన్ను ఇప్పటికే తాత అంటున్నారు. పళ్ళు కూడా పెట్టుడువని తెలిస్తే...”

బొటనవేలు పరుగున వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. “తాతా, దొంగ అనిపించుకోవడానికి సిద్ధపడ్డారు కానీ ఈ ముక్క చెప్పలేదా?”

“దొంగ అంటే అబద్ధమని నాకు తెలుసుగా. పళ్ళు అబద్ధం కాదే!”

ఆ నవ్వుల్లో కెప్టెన్ ఒక్కడే కలవలేదు. డిటెక్టివ్ అతని ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆమె గొంతు తగ్గించింది.

“రెండు యంత్రాలు ఇక్కడున్నాయి. మూడోది ఎక్కడుంది బాబూ?”

అతను కళ్ళు దించుకున్నాడు. “మా ఇంట్లో. అమ్మ దగ్గర.”

కారులో పన్నెండు నిమిషాల దారి. కెప్టెన్ ఆ దారంతా చెబుతూనే ఉన్నాడు. అవ్వ నడక వాళ్ళమ్మ నడకే. కుడికాలు ఈడుస్తూ వంటగది నుంచి హాల్లోకి వచ్చే ఆమెను ఒకరోజు ఫోన్‌లో తీసి, మాస్టారికి చూపించి, మృగానికి ఆ నడక పెట్టారు. చూపించకుండా ఎలా ఉంటాడు? పాడైన కంట్రోలర్, ఒక యంత్రం ఇంటికి తెచ్చి పెట్టాడు. కొత్త మార్పు వచ్చినప్పుడల్లా ఆ సాయంత్రమే దానిలోనూ వేసేవాడు.

“అమ్మే పంపి ఉంటే అంతా పోయినట్టే కదా మేడమ్? మాస్టారు బతికిపోతారు, ఆట పోతుంది.”

“ఇంకా ఏదీ పోలేదు,” అంది డిటెక్టివ్. “తీసింది ఎవరో తెలుస్తోంది. రెండింటికి తీసింది నాలుగూ పదికి బయటికొచ్చింది. ఆ రెండు గంటలూ అది ఎవరి దగ్గరుందో తెలియాలి.”

వెనక సీట్లోంచి మరిది, “అదే నేనూ అనబోతున్నాను,” అన్నాడు.

మూడూ ముప్పై అయిదుకి తలుపు తెరిచిన అమ్మగారికి డెబ్భై ఒకటి. మేడ మీద చిన్న ఇల్లు. హాల్లో పాత గోడ గడియారం, తెర ముందు చేతుల కుర్చీ, దాని మీద నాలుగో నంబరు కంట్రోలర్. కొడుకు వెనక ఇద్దరు కొత్తవాళ్ళను చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. ఎవరూ ఏమీ అడగకముందే కుర్చీలో కూలబడింది.

“తప్పయిపోయింది నాన్నా. ఒక్కరికే పంపాను. ఒట్టు, ఒక్కరికే.”

కెప్టెన్ ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. “ఎందుకు పంపావమ్మా?”

“నా కొడుకు నన్ను కొండంత చేశాడు. తోడబుట్టినదానికి చూపించుకోకూడదా?”

“పిన్నికా? పిన్నితో మాటలు లేవుగా నీకు?”

ఆ గొడవ సంగతి ఆమె డిటెక్టివ్‌కు చెప్పింది. ఎనిమిదేళ్ళ క్రితం చెల్లెలు కూతురి పెళ్ళి చేసింది. పిలుపు రెండు రోజుల ముందు వచ్చింది. పరాయివాళ్ళకు చెప్పినట్టు చెప్పిందని అక్క అలిగింది. అక్క రాలేదని చెల్లెలు అలిగింది. అంతే, రాకపోకలు తెగిపోయాయి. రెండున్నర నెలల క్రితం ఉన్నట్టుండి చెల్లెలి దగ్గర్నుంచి ఫోన్‌లో మెసేజీ వచ్చింది. ఫోన్ చేస్తానంటే వద్దంది. మాట్లాడుకుంటే మళ్ళీ కొట్టుకుంటాం, రాసుకుందాం అంది. అప్పట్నుంచి మెసేజీ లేని రోజు లేదు.

“చూడొచ్చా అమ్మగారూ?”

డిటెక్టివ్ కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చదివింది. ఒసే అక్కా మోకాలు ఎలా ఉందే. ఒసే, ఆ కాషాయం రంగు మందు రాస్తున్నావా లేదా, నీ బద్ధకం నాకు తెలుసు. ఒసే, నీ కొడుకు ఫొటో చూశాను, అచ్చం నాన్న ముక్కు. చదువుతున్న ఆమె పెదవులు విచ్చుకున్నాయి. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. రెండు మెసేజీల మధ్య అటూ ఇటూ నాలుగుసార్లు చూసి ఫోన్‌ను మరిది చేతికిచ్చింది.

“ఇరవై రోజుల కిందటి ఈ తేదీ చూడు. దీనికి ముందు, దీనికి తర్వాత.”

మరిది చదివాడు. “ముందు ఒసే, ఒసే. తర్వాత... అక్కయ్య గారూ, మోకాళ్ళ నొప్పి తగ్గిందా? అక్కయ్య గారూ, బాబు ఆట ఎంతవరకు వచ్చింది? అక్కయ్య గారూ, కొత్త మృగం వీడియో ఒకటి పంపండి, చూడాలని ఉంది.” అతను తలెత్తాడు. “ఇది వేరే మనిషి వదినా.”

“ఒసే అని పిలిచే తోడబుట్టినది, ఒక్కరోజులో గారు తగిలించదు.”

అమ్మగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “నా మీద గౌరవం పెరిగిందనుకున్నాను,” అంది నెమ్మదిగా. “పిచ్చిదాన్ని. ఇవాళ కూడా దానికే రాశాను. ఆఫీసుకి డిటెక్టివ్‌ని పిలిపించారట, భయంగా ఉందని.”

ఆఖరి మెసేజీ మధ్యాహ్నం రెండూ నలభైకి వచ్చింది. వీడియో సంగతి ఎవరికీ చెప్పవద్దు. నాలుగింటికి ఒక మనిషి వస్తాడు. ఈ ఫోనూ, ఆట పెట్టె అతనికిచ్చేయాలి. కొత్త ఫోను అతనే తెస్తాడు.

“ఫోను ఇస్తే ఈ మెసేజీలన్నీ అతని చేతికి పోతాయి,” అన్నాడు మరిది. “ఇంక రుజువనేది ఉండదు. నివేదికలో నా సంతకం ఒక్కటే మిగులుతుంది.”

మూడూ యాభై రెండుకి బెల్లు మోగింది.

మరిది తలుపు వెనక్కి చేరాడు. కెప్టెన్‌ను పడగ్గదిలోకి నెట్టి, డిటెక్టివ్ వంటగది గుమ్మంలో నిలబడింది. “అమ్మగారూ, మీరు కూర్చోండి, తలుపు నేను తీస్తాను,” అంది.

“వద్దు తల్లీ. నా చెల్లెలు పంపిన మనిషి. నేనే తీస్తాను.”

ఆమె కాలీడ్చుకుంటూ వెళ్ళి తలుపు తీసింది. బయట హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతిలో కొత్త ఫోన్ డబ్బా.

“మీ చెల్లెలు గారు పంపారమ్మా. పెట్టె, ఫోను ఇస్తే వెళ్ళిపోతాను.”

“ఇస్తాను. లోపలికి రా నాయనా. నా చెల్లెలు నన్నేమని పిలుస్తుందో చెప్పు ముందు.”

అతను గుమ్మం దాటి ఆగాడు. “అక్కయ్య గారూ అని.”

వంటగది గుమ్మంలోంచి డిటెక్టివ్ అమ్మగారి ఫోన్‌లో ఆ నంబరు నొక్కింది. వచ్చినతని చొక్కా జేబులో ఫోన్ మోగింది. మరిది వెనక నుంచి తలుపు మూసి, గడియ పెట్టి, “హెల్మెట్ తియ్యండి,” అన్నాడు.

తీశాడు. మరిది గడియ మీంచి చెయ్యి తీశాడు.

“ఏజెంటు గారూ! నాకు ఈ పని అప్పగించింది మీరే కదండీ!”

ఏజెంటు గోడకు ఆనుకున్నాడు. జేబులో ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. అమ్మగారు చెయ్యి చాచి దాన్ని బయటికి లాగింది. దానికి నీలం ఉన్నితో అల్లిన సంచి తొడిగి ఉంది, అంచు పిగిలిపోయి. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

“ఇది మా అమ్మ అల్లింది. కళ్ళజోళ్ళు పెట్టుకోవడానికి మా ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది. ఇది నా చెల్లెలిది.” ఆమె అతని వైపు తిరిగింది. “ఆట గురించి నేనేమీ అడగను. నా చెల్లెలేదీ?”

అతను తల దించుకున్నాడు. “ఆస్పత్రిలో ఉన్నారు. ఇరవై రోజులైంది. పక్షవాతం.”

“నీకెలా తెలుసు?”

“నేను... ఆవిడ అల్లుణ్ణి.”

కెప్టెన్ పడగ్గదిలోంచి బయటికొచ్చాడు. ఏడాదిగా రోజూ చూస్తున్న ముఖాన్ని అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. “అంటే, మీరు నాకు బావ అవుతారా?”

ఆ మాట తిట్టుకంటే గట్టిగా తగిలినట్టుంది. అతను నేల మీద కూర్చుండిపోయాడు. ఇక అతన్ని ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. అక్క కొడుకు ఆట తయారుచేస్తున్నాడని ఎవరి ద్వారానో విని, మీ కంపెనీలో చెప్పి విడుదల చేయించమని ఏడాది క్రితం అతని వెంటపడింది అత్తగారే. తన పేరు బయట పెట్టవద్దని ఒట్టు వేయించుకుంది. కళ్ళు సరిగా ఆనక, ఆ మెసేజీలన్నీ ఆమె చెబుతుంటే అతను రాసిపెట్టాడు. ఆమె పడిపోయాక ఫోను అతని చేతిలో మిగిలింది. ఆటను సంస్థకు దక్కించిపెడితే పెద్ద కుర్చీ ఇస్తామని పైవాళ్ళు ఆశపెట్టారు. ఆ మర్నాటి నుంచి మెసేజీలు అతనే రాశాడు; మంగళవారం వీడియోను ఇంటర్నెట్‌లో పెట్టిందీ అతనే.

“ఒసే అన్నవి?” అని అడిగింది అమ్మగారు.

“అన్నీ ఆవిడవే. ఒక్క అక్షరం కూడా నాది కాదు.”

“మందు రాయమన్నదీ?”

“ఆవిడే.”

“వీడియో అడిగిందీ?”

“నేను.”

మరిది తన సంచిలోంచి పొద్దుటి నివేదిక తీసి అడ్డంగా రెండు ముక్కలు చేశాడు. “బయట పెట్టింది విడుదల సంస్థ మనిషే. ఆ షరతు ఇక చెల్లదు. కొత్త నివేదిక రాస్తాను. మాస్టారి పేరు మీద మచ్చ లేదని మొదటి వాక్యంలోనే రాస్తాను వదినా.”

“పళ్ళ సంగతి రాయకు,” అంది డిటెక్టివ్.

అమ్మగారికి ఇదేదీ వినబడలేదు. ఆ నీలం సంచినే చూస్తోంది. “అదిప్పుడు ఎలా ఉంది?”

“మనుషుల్ని గుర్తుపడుతున్నారు. మాట రావడం లేదు. నిన్నటి నుంచి ఏమీ మింగలేకపోతున్నారు. రేపటిదాకా చూడాలన్నారు డాక్టర్లు.” అతను చేతులు జోడించాడు. “అత్తయ్యగారూ, నేను మీకు ముందే...”

“ఆ మాటలు నీ భార్యకి చెప్పుకో. ఆటకి జవాబు ఈ ఇద్దరికీ చెప్పుకో.” ఆమె లేచి చెప్పులు వెతుక్కుంది. “నాన్నా, కారు తియ్యి. ఇతన్ని ముందు కూర్చోబెట్టు, దారి చెబుతాడు.”

కెప్టెన్ తాళాలు తీసుకున్నాడు. మరిది ఏజెంటును లేపి, భుజం మీద చెయ్యి వేసి, వదలకుండా మెట్లు దింపాడు. డిటెక్టివ్ అమ్మగారి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒక్కో మెట్టే దిగుతున్నారు. సగం దారిలో అమ్మగారు ఆగింది.

“తల్లీ, దానికి మాట రావడం లేదన్నాడు కదా. నేను తిడితే వినబడుతుందా?”

“వినబడుతుంది అమ్మగారూ.”

“తిరిగి అనలేదుగా?”

“అనలేరు.”

అమ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “అయితే ఎనిమిదేళ్ళవీ కలిపి తిడతాను. నన్ను తిరిగి అనడానికైనా అది లేచి కూర్చోవాలి,” అని, రెయిలింగు వదిలేసి మెట్లు దిగసాగింది.